కడిగిన మాటలు

జూన్ 9
వనపర్తి ప్రెస్సులో ప్రూఫ్ రీడర్‌గా మూడో వారం. నలభై ఎనిమిదేండ్లకు దక్కిన మొదటి అక్షర ఉద్యోగం. పగలు మార్కెట్ యార్డులో తూకాలు వేస్తూ, రాత్రిబడిలో చదివి, ఎం.ఏ. తెలుగు పూర్తిచేసినవాణ్ని. ఎర్ర కలం పట్టే అర్హతను నాకెవరూ దానం చేయలేదు.

జూన్ 12
పెబ్బేరు దేవమ్మ అచ్చుకిచ్చిన నోటుబుక్కు దిద్దడం పూర్తయింది. పుణెలో వలస కూలీగా గడిపిన బతుకును ఆమే రాసుకున్నది. "ఏడ్వనీకె గూడ యాళ దొరకలే" అన్నదాన్ని "విలపించుటకు సైతం సమయం చిక్కలేదు" అని దిద్దాను. 'తెల్వదు' ఉన్న ప్రతిచోటా 'తెలియదు'. యజమాని యాదగిరి చదవకుండానే మెచ్చుకున్నాడు. మొదటి పుటలో 'భాషా సంస్కరణ' అని నా పేరు వేస్తాడట. అచ్చులో నా పేరు...

జూన్ 13
ఆ పంక్తి ఎలా కనిపిస్తుందో తెల్లకాగితంపై నాలుగుసార్లు రాసి చూసుకున్నాను.

జూన్ 17
దేవమ్మ ప్రెస్సుకు వచ్చింది. ప్రూఫులు ఒళ్లో పెట్టుకొని, వేలు కదుపుతూ, మెల్లగా చదివింది.
"ఇది ఎవరి బతుకు సారూ?"
మీదేనమ్మా, అన్నాను.
"నేను విలపించలే. ఏడ్సిన. గీ మాటలన్నీ గింత తెల్లగ కడిగిందెవరు?"
యాదగిరి అందుకున్నాడు — "కంప్యూటరే జర గట్ల చేస్తదమ్మా..." నాకొక దారి చూపినాడు. ఆ దారిన పోలేకపోయాను. "నేనే" అన్నాను.
"నా మాటలు నాకియ్యి. లేకుంటే పుస్తకమే వద్దు."

జూన్ 18
జరిగింది విని నా భార్య — "ఇంట్ల గూడ పుస్తకం లెక్కనే మాట్లాడ్తవు. ఆమెను గూడ గట్లనే మాట్లాడిపిస్తివా?"
అన్నం చల్లారింది.

జూన్ 21
నోటుబుక్కు ముందుంచుకొని ఒక్కొక్క మాటను దాని చోటికి చేరుస్తున్నాను. చెయ్యి మొరాయిస్తున్నది. ఏ తప్పులకు మా పంతులుగారు నన్ను రెండుసార్లు బెంచీ ఎక్కించారో, అవే తప్పులను బుద్ధిపూర్వకంగా రాస్తున్నాను... తప్పులు అనకూడదేమో.
'భాషా సంస్కరణ' పంక్తి ఇంకా ఉన్నది. కొట్టివేయలేదు.

జూన్ 24
అరవైరెండో పుట. బుక్కు నిండా 'సచ్చిండు', 'సచ్చింది' — ఎద్దు, మేస్త్రీ, తోటి కూలీ బిడ్డ. ఇక్కడ మాత్రం: "నా భర్త మరణించాడు." ఆమె చేతిరాతే. నా కలం అక్కడ పడనే లేదు. పడవలసిన అవసరం రాలేదు.
"అంత ఒక్కతీరుగ ఉండాలె సారు. సచ్చిండు అనే వెయ్యి. మల్లొచ్చి లొల్లి చేస్తది" — యాదగిరి.
వేయలేదు. ఉంచడానికీ ధైర్యం చాలడం లేదు.

జూన్ 25
రేపు అచ్చు. పొద్దుననే దేవమ్మకు ఫోన్ చేశాను.
"ఏంది సారూ, మల్ల ఏమన్న కడిగినవా?" నవ్వుతున్నది.
'మరణించాడు' అని కావాలనే రాసుకున్నదా, చెయ్యి జారి రాసిందా — ఒక్క ప్రశ్న. భర్త చావును గూర్చి, ఒక క్రియాపదం కోసం, ఫోనులో అడగటమా? పెబ్బేరులో వాన పడిందా అన్నాను. "జర పడ్డది" అన్నది. ఆమే పెట్టేసింది.
అరవైరెండో పుట బల్లమీద తెరిచే ఉన్నది; 'మరణించాడు' ఇంకా అలాగే ఉన్నది. యాదగిరి రెండుసార్లు తొంగిచూసి పోయినాడు...