నా చెంప మీది వేళ్లు

రాజాం, మంగళవారం, ఆగస్టు 2016

ఎనిమిది నెలలుగా చేస్తున్న లిక్విడ్ క్రిస్టల్ పొడి ఈ రోజు పని చేసింది. యూవీ దీపం పెడితే ఆకుపచ్చగా వెలిగింది. నీలి వెలుగు వేస్తే ఆరిపోయి, మళ్లీ యూవీకి వెలిగింది. పట్టలేని సంతోషంతో ల్యాబ్‌లో నా సీనియర్ శ్రీనుకి చూపించాను.

"రీసెర్చ్ పేపర్లో ముందు నా పేరే ఉండాల," అన్నాడు.

కుదరదన్నాను. సీసా లాక్కుని సింకులో ఒంపేశాడు. ఆపబోయి నేనతని చెయ్యి పట్టుకుంటే, పొడి అంటిన ఆ అరచేత్తోనే నా చెంప పగలగొట్టాడు. బల్ల అంచు తగిలి పెదవి చిట్లింది. చేతికందిన ఇనుప స్టాండుతో అతని మోచేతి మీద కొట్టాను. కూలబడ్డాడు.

కేకలు విని మా గైడ్ సార్ పరిగెత్తుకొచ్చారు. "ఏటమ్మా ఇది?"

"నానేటీ సేయనేదు సార్. అదే పడిపోయి, లేసి నన్ను కొట్టింది," అన్నాడు శ్రీను.

నేను లైట్లార్పి, యూవీ దీపం నా ముఖానికి పట్టాను. చెంప మీద అయిదు వేళ్లూ ఆకుపచ్చగా వెలిగాయి. తర్వాత అతని అరచేతికి పట్టాను. అదీ వెలిగింది.

"ముందు మొహం కడుక్కో తల్లీ," అన్నారు సార్.

"ఫోటో తీసినాకే కడుగుతాను సార్."

తీశారు.

శ్రీను చెయ్యి విరిగిందట. రేపు ఫిర్యాదు రాసిస్తాను. నేను కొట్టిందీ రాస్తాను. కానీ అతను కింద పడ్డాక స్టాండు మళ్లీ ఎత్తాను. సార్ తలుపు తియ్యకపోయుంటే ఆ దెబ్బ అతని తల మీదే పడేది. అది ఎవరికి రాసివ్వాలి...