డాక్టరు మెచ్చిన బావినీళ్ళు

బెజవాడ,
10-6-1974

చి.ల.సౌ. మాణిక్యానికి వీరరాఘవయ్య దీవించి వ్రాయునది.

గుండెనొప్పి మళ్ళీ రాలేదు. కానీ రక్తంలో కొలెస్టరాలనే కొవ్వు మూడువందల పది ఉందట. రెండువందల యాభైకి దిగితేనే తిరువూరు బస్సెక్కనిస్తానన్నాడు డాక్టరు. నెయ్యి ముట్టవద్దన్నాడు. మా చెల్లెలు ప్రమీల వింటేనా? "నా చేతి ముద్దపప్పులో నెయ్యి వద్దంటే నా ఇంటికెందుకొచ్చినట్టు అన్నయ్యా?" అని గిన్నె వంచేస్తుంది. కాదంటే ఏడుస్తుంది. తింటున్నాను.

నీ
వీరరాఘవయ్య

తా.క. రక్తంలో మెగ్నీషియం కూడా తక్కువట. సున్నం, మెగ్నీషియం ఉన్న గట్టినీళ్ళు తాగే ఊళ్ళలో గుండెజబ్బులు తక్కువని ఏదో పత్రికలో చదివాడట డాక్టరు.

---

తిరువూరు,
14-6-1974

పూజ్యులైన శ్రీవారికి మాణిక్యం నమస్కరించి వ్రాయునది.

ఆడపడుచును నెయ్యి పోయవద్దనే నోరు నాకు లేదు. అంటే ఆ మాట నా తర్వాత కూడా బతికుంటుంది. అందుకని మన పెరటిబావి నీళ్ళు క్యానులో పోసి కండక్టరు ప్రభుదాసు చేత పంపుతున్నాను. తాగడానికీ, వంటకీ ఇవే వాడాలని, డాక్టరు మాటగా ప్రమీలకు చెప్పండి.

మీ మంచం రోజూ వాకిట్లో వాలుస్తూనే ఉన్నాను. తీసేస్తే ఇల్లు మరీ పెద్దదిగా కనిపిస్తోంది.

ఇట్లు,
మాణిక్యం

తా.క. ఖాళీ క్యాను తిప్పి పంపండి.

---

బెజవాడ,
27-6-1974

మాణిక్యానికి,

నీ నీళ్ళు నా పరువు తీశాయి. "కృష్ణ నీళ్ళు వదినకి ఆనలేదా?" అని ప్రమీల మూడురోజులు మాట్లాడలేదు. నాకొక్కడికీ వేరే వండటం ఇష్టంలేక అందరికీ వాటితోనే వండింది. పప్పు ఉడకదే! కొట్టువాడితో పోట్లాడింది, కిరసనాయిలు స్టవ్వు మార్చింది, చివరికి పప్పే మానేసింది. చారూ కాకరకాయతో తిని లేస్తున్నాం. ప్రమీలవాళ్ళాయన నా మొహం చూడటం లేదు. ఇంటిమీద బెంగగా ఉంది.

నీ
వీరరాఘవయ్య

తా.క. క్యానులో సారా ఉందని ఎక్సైజువాళ్ళు బస్సు ఆపారట. ఒకాయన గుక్కెడు తాగి, ప్రభుదాసును చూసి జాలిపడి వదిలేశాడట.

---

తిరువూరు,
1-7-1974

శ్రీవారికి నమస్కారాలు.

పప్పు ఉడకనందుకు నా విచారం ప్రమీలకు చెప్పండి. నీళ్ళు మాత్రం ఆపేది లేదు. రెండో క్యాను కొన్నాను.

ఇట్లు,
మాణిక్యం

తా.క. నిన్న పొరపాటున ఇద్దరికి సరిపడా అన్నం వండాను. మొన్న కూడా.

---

బెజవాడ,
15-7-1974

మాణిక్యానికి ఆశీస్సులు.

రెండువందల నలభై! అంతా మెగ్నీషియం మహిమేనంటున్నాడు డాక్టరు. మన నీళ్ళు సీసాలో పట్టి పరీక్షకు పంపుతాడట. ఆదివారం వచ్చేస్తున్నాను. ముద్దపప్పు వండి ఉంచు.

నీ
వీరరాఘవయ్య

తా.క. ఒక్కటే అర్థం కాలేదు. ఇన్నేళ్ళూ అవే నీళ్ళు తాగానుగా, మెగ్నీషియం ఎందుకు తగ్గింది? మనింట్లో పప్పు ఎలా ఉడికింది?

---

తిరువూరు,
18-7-1974

శ్రీవారికి నమస్కరించి వ్రాయునది.

డాక్టరుగారిని సీసా పంపవద్దనండి. మెగ్నీషియం సంగతి నాకు తెలియదు. మన బావినీళ్ళలో పప్పు ఉడకదని తెలుసు. పప్పు లేనిదే ప్రమీల నెయ్యిగిన్నె దించదనీ తెలుసు. ఆమె చెయ్యి పట్టుకోలేను కనుక పప్పును పట్టుకున్నాను.

కాపరానికొచ్చిన మర్నాడే ఈ నీళ్ళ సంగతి బయటపడింది. అప్పటినుంచీ మీ పప్పులోకి నీళ్ళు లాల్‌సాహెబు గారి బావినుంచి మోస్తున్నాను. మీరు వెళ్ళాక అటు వెళ్ళలేదు. ఒక్కదాన్నే తినే పప్పు ఉడికితేనేం, ఉడక్కపోతేనేం? "ఏమమ్మా, మీ ఆయన లేకపోతే మా బావి కూడా కనపడదా?" అని వాళ్ళావిడ రోషన్ బీ ఎత్తిపొడిచింది. ఆదివారం తెల్లారేసరికి బిందెతో వస్తానన్నాను.

మీ కోసం ఎదురుచూసే
మాణిక్యం

తా.క. ముద్దపప్పు ఉంటుంది. నెయ్యిగిన్నె మాత్రం రోషన్ బీ ఇంట్లో దాచాను.