పెన్సిల్ గీత

పోర్ట్‌నహేవన్,
5 జనవరి 1989

ఈ రోజు పనులు: పొయ్యి బూడిద ఎత్తాను. దుప్పట్లు రెండు ఉతికాను, సముద్రపు గాలికి గంటలో ఆరాయి. ఓట్ రొట్టెలు పదహారు కాల్చాను. ఉత్తరం ఒకటి, ఇదే.

ప్రియమైన టార్క్విల్ బావగారికి,

మీ తమ్ముడు డూగల్ పోయాక ఇది మూడో కొత్త సంవత్సరం. నా గురించి దిగులు పడకండి, ఇల్లు సందడిగానే ఉంది. పన్నెండు కొట్టగానే ముందుగా గడప దాటింది పోస్టుమాస్టరు హెక్టర్. బొగ్గు పెళ్ల పట్టుకుని మొదటి అడుగు పెట్టేది నల్లజుట్టువాడైతే ఏడంతా శుభమంటారుగా; అతని జుట్టు ఇంకా నల్లగానే ఉంది కాబట్టి శకునం మంచిదే. వెనకాలే మరో అయిదుగురు వచ్చారు. ఏటా లాగే అందరికీ డూగల్ విస్కీ సీసాలోంచే పోశాను.

సీసాను ఎలా దాచాలో ఆయన నాకు చెప్పలేదు. పీపాలు కట్టిన చేతులు మీవి, మీకు తెలిసే ఉంటుంది. చెప్పండి.

మీ మరదలు
ఇష్బెల్

*

గ్లాస్గో,
2 ఫిబ్రవరి 1989

ప్రియమైన ఇష్బెల్ అమ్మాయికి,

సీసాను నిలబెట్టే ఉంచు. ద్రాక్షసారాలా పడుకోబెడితే విస్కీ బిరడాను తినేస్తుంది. పొయ్యి దగ్గర వద్దు, కిటికీ దగ్గర వద్దు, మెట్ల కింది అలమరా మంచిది. సగం కన్నా తగ్గితే చిన్న సీసాలోకి మార్చు. లోపల గాలి ఎక్కువైతే రుచి పోతుంది.

ఒక సంగతి. నేను దీవి విడిచిన రోజు పడవరేవులో డూగల్ ఏమన్నాడో గుర్తుందా? "పట్నం మరిగినవాడివి, ఇక కొత్త సంవత్సరానికి రావు. వస్తే నా సీసాలో మొదటి గ్లాసు నీదే, పందెం" అన్నాడు. ఆ మొదటి గ్లాసు కాస్తా హెక్టరుకు పోశావన్నమాట. పోనీలే. నాకూ సాయంత్రాలు డామినో ఆడే మిత్రులతో తీరిక ఉండటం లేదు.

మీ బావ
టార్క్విల్

*

పోర్ట్‌నహేవన్,
14 నవంబరు 1989

ప్రియమైన బావగారికి,

జవాబు ఆలస్యమైంది. వచ్చేపోయేవాళ్లతో పొద్దు తెలియడం లేదు.

మీరు చెప్పినట్టే దాచాను. అయినా ఒక సందేహం. విస్కీ బట్టీలో పని మానేసిన రోజు డూగల్ ఆ సీసాను పీపాలోంచి స్వయంగా నింపి, బిరడా బిగించి, విస్కీ ఎంతవరకు ఉందో చీటీ మీద పెన్సిల్‌తో గీత గీశారు. నిన్న దీపం వెనకపెట్టి చూశాను. మట్టం ఆ గీతకు వెంట్రుకవాసి కిందకు దిగింది. బిరడా అంచు కూడా పొడిపొడిగా రాలుతోంది. ఇదేమైనా ప్రమాదమా? ఆయన నింపినది, పాడైతే మళ్లీ రాదు.

మీ మరదలు
ఇష్బెల్

*

గ్లాస్గో,
1 డిసెంబరు 1989

ప్రియమైన ఇష్బెల్ అమ్మాయికి,

మూడేళ్లు ఊరంతా తాగితే తగ్గింది వెంట్రుకవాసేనా? హెక్టర్ అంత పొదుపుగా తాగడం నా జన్మలో చూడలేదు.

లెక్కల్లో అబద్ధం రాయడం నీకు చేతకాదమ్మాయ్. అందుకే దొరికిపోయావు. నిన్ను ఏమీ అనను. తెరవని సీసాకే బిరడా అలా ఎండుతుందని నాకెలా తెలుసంటే, నా బీరువాలోనూ ఒకటుంది. డామినో మిత్రుల్లో ఇద్దరు పోయారు, మూడోవాడు కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు. అది జరిగి రెండేళ్లయింది.

సీసాను కదపకు. మట్టం నేనే చూడాలి.

మీ బావ
టార్క్విల్

*

పోర్ట్‌నహేవన్,
6 జనవరి 1990

ఈ రోజు పనులు: దుప్పట్లు నాలుగు ఉతికాను. గ్లాసులు రెండు కడిగాను. మీరు తెచ్చిన బొగ్గు పెళ్ల పొయ్యిలో వేయలేదు, గూట్లో పెట్టాను.

ప్రియమైన బావగారికి,

మీ పడవ కొండ మలుపు తిరిగేదాకా రేవులోనే ఉన్నాను. మీ ముఖం ముందు చెప్పలేనివి ఇప్పుడు రాస్తున్నాను. హెక్టర్ డూగల్ పోయిన ఏడే దీవి విడిచి వెళ్లాడు. మా వరసలో పన్నెండు ఇళ్లుంటే పదకొండు వేసవికి వచ్చేవాళ్లు కొనుక్కున్నారు. చలికాలంలో మా కిటికీ ఒక్కటే వెలుగుతుంది. మూడేళ్లూ కొత్త సంవత్సరం రాత్రి తలుపు గడియ తీసి, ఆరు గ్లాసులు పేర్చి కూర్చున్నాను. రెండు గంటలకు వాటిని లోపల పెట్టేదాన్ని. ఒక్కదాన్నే పోసుకోవడానికి మనసొప్పలేదు.

ఈసారి తలుపు తోసుకొని వచ్చింది మీరు. బట్టతల మీద నల్ల ఉన్ని టోపీ లాక్కుని, "నల్లజుట్టు కావాలన్నావుగా, ఇదిగో, అల్లించుకొచ్చాను" అన్నారు. డూగల్ పోయాక నేను బిగ్గరగా నవ్వింది అప్పుడే.

బిరడా తీయబోతే రెండు ముక్కలై విరిగింది. మీరు విస్కీని పలచటి గుడ్డలో వడగట్టి, దీపానికెత్తి చూసి, ఒక గుక్క తాగి గ్లాసు బల్ల మీద పెట్టారు. తర్వాత, "బాగా దాచావమ్మాయ్. ఇక దాచకు" అన్నారు.

సీసా ఇప్పుడు అలమరాలో లేదు, బల్ల మీదే ఉంది. కొత్త బిరడా బిగించాను. గీత చెరపలేదు, దాని కింద రెండో గీత గీశాను. ఈస్టరుకు పడవ టికెట్టు తీసుకున్నాను. మీ బీరువాలోని సీసాను నేనొచ్చేదాకా తెరవకండి.

డూగల్ తరఫున టార్క్విల్ బావగారికి బాకీ: మొదటి గ్లాసు, ఒకటి. తీరింది.

ఇష్బెల్