మైనా దగ్గింది

అన్నా,

నిన్నటికి నువ్వు పోయి ఏడాది. ఇన్నాళ్లూ నోరు విప్పని నీ మైనా నిన్ననే విప్పింది.

తర్లగూడలో మన ఇంటి వసారాలో మీటింగు పెట్టాను. నీకు జరిగినట్టు ఊపిరితిత్తుల క్యాన్సర్‌ను టీబీ అనో గాలి సోకిందనో అనుకుని ఆలస్యం చేయకుండా, దగ్గు తగ్గని వాళ్లను అందరం కలిసి ఎక్స్‌రేకి పంపాలని. నర్సమ్మ, పాస్టరు, సర్పంచి సరేనన్నారు. మంత్రం వేసే చిన్నాయనే ఒప్పుకోలేదు. ఆయన చెప్పనిదే ఊళ్లో ఎవరూ ఆసుపత్రి జీపెక్కరు. కొన్నాళ్లుగా ఆయనా దగ్గుతున్నాడు.

"దగ్గుకు ఫోటో ఏంది బిడ్డా? నాకేమైంది?" అన్నాడు.

అప్పుడు మా వెనక నీ దగ్గు వినబడింది. రెండు పొడి దగ్గులు, తర్వాత ఈల వేసినట్టు ఊపిరి లాగడం. నర్సమ్మ చేయి పట్టుకున్నాను. వెనక గుమ్మం పక్కన పంజరంలో మైనా కదలకుండా కూర్చుని ఉంది.

బీజాపూర్ నుంచి జీపులో వచ్చిన డాక్టర్‌కు నీ సంగతి తెలియదు, దగ్గింది మనిషే అనుకున్నాడు. "లోపల ఎవరు? ముందు ఆయన్ని జీపెక్కించండి," అన్నాడు హిందీలో.

మైనా మళ్లీ దగ్గింది. దగ్గాక, ఆసుపత్రికి పోదామన్నప్పుడల్లా నువ్వు నాతో అన్న మాటే నీ గొంతుతో అంది.

"ఏంగాదు తియ్."

చిన్నాయన చేతిలోని బీడీని నేలకు రాసి ఆర్పాడు. లేచి పంజరం దగ్గరికి వెళ్లాడు.

"గిట్లనే అంటివి గదరా," అన్నాడు నెమ్మదిగా.

వెళ్లి జీపులో కూర్చున్నాడు.

నీ చెల్లెలు