కేసు లేదని రాయడానికి వచ్చినవాడు

మంగళవారం, రాత్రి

వాడి ఎంక్వయిరీ తగలెయ్య!

నన్ను లాడ్జికి అమ్మినవాళ్ళతో పాటు నన్నూ ముద్దాయిని చేసిన కేసును నా వరకు కోర్టు పోయిన నెలే కొట్టేసింది. అయినా ఉక్కునగరం క్యాంటీన్ పనికి గేట్ పాస్ కావాలంటే స్టేషన్ రికార్డులోంచి కూడా నా పేరు పోవాలన్నారు. అర్జీ పెట్టాను. ఇవాళ కానిస్టేబుల్ వచ్చాడు.

నా తలుపు తట్టలేదు. మనిషి మంచిదో కాదో ఇరుగుపొరుగునే అడగడం వాళ్ళ పద్ధతట. వీధి కుళాయి దగ్గర, బిందెలతో నిలబడ్డ ఆడవాళ్ళ మధ్య బండి ఆపి, నా పేరు చెప్పి అడిగాడు.

"ఆ లాడ్జి కేసు పిల్ల ఇప్పుడు బుద్దిగా ఉంతందా? ఇంటికెవులైనా వత్తన్నారా?"

వరుసలో బిందె పెట్టి వచ్చి గుమ్మంలో ఉన్నదాన్ని, పరుగెత్తాను. "కేసు కొట్టేసినారు కదా సార్, మల్లీ ఏటిది?"

"అదే కదమ్మా రాత్తన్నాను. నీ మంచికే వచ్చినాను."

నా మంచికట!

గాజువాకలో ఇన్నేళ్ళుగా ఎవరికీ తెలియని సంగతి, ఒక్క బిందె నిండేలోపు వీధంతా తెలిసిపోయింది. పక్కింటి గౌరి వదిన తన బిందెను నా బిందె పక్కనుంచి జరిపేసింది.

"ఓలమ్మో, ఇన్నాల్లూ నా పిల్లని నీకాడ ఒగ్గేసి ఎల్లినాను గదే!"

సాయంత్రం నా కేసు వాదించిన లాయరు మేడం సంతోషంగా ఫోన్ చేసింది. రిపోర్టు శుభ్రంగా వచ్చిందట. నా మీద ఏ మచ్చా లేదట.

రేపు తెల్లారకముందే వదిన చేపల పనికి హార్బర్‌కి వెళ్ళాలి. పిల్లను ఎవరి దగ్గర దించుతుందో చూస్తాను. నా తలుపు తట్టినా తీయను.

తట్టదని తెలుసు. అందుకే ఇంత గట్టిగా రాస్తున్నాను.