మొదటి బంతిలో అమ్మ

ఖరగ్‌పూర్‌లో చెల్లి కుసుమ ఇంట ఉన్న అమ్మ రత్నాలమ్మకు,

పెద్దకొడుకు నాగేంద్ర నమస్కారాలు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. నీ కంటి ఆపరేషను బాగా జరిగిందనీ, నల్లద్దాలు పెట్టుకుని క్వార్టర్సంతా తిరిగేస్తున్నావనీ మేనకోడలు ప్రియ రాసింది. ఈ ఉత్తరం కూడా దానిచేతే చదివించుకో. ప్రియా, అమ్మమ్మకు కోపం వచ్చే చోట మాట మింగేయకు. ఉన్నదున్నట్టు చదువు.

ఫోనుండగా ఈ ఉత్తరాలేమిటని కుసుమ నవ్వుతుంది. ఫోనులో నీతో వాదించడం నా వల్ల కాదు. అసలు మాట ఎత్తేసరికి "ఉంటాను నాయనా" అని పెట్టేస్తావు. కాగితమైతే చివరిదాకా వినక తప్పదు.

నువ్వు అడిగినవాటికి జవాబులు. కొబ్బరి మొక్కలు బతికాయి. పనస బాగా కాసింది, మావాడు పవన్ పెళ్లి భోజనాలకు కూర మన చెట్టుదే. బీపీ మాత్ర వేసుకుంటున్నాను. ఎవరితోనైనా దెబ్బలాడావా అన్నావు. ఆడాను. రామూర్తి చిన్నాన్నతో.

వ్రతం నాటి భోజనాల మాట వచ్చింది. పెళ్లై కోడలు మనింట తినే మొదటి భోజనం అది. ఆడవాళ్లు మొదటి బంతిలో కూర్చుంటారు, నేనూ పవనూ వడ్డిస్తాం అన్నాను. చిన్నాన్న చుట్ట పక్కన పెట్టాడు.

"ఆడోళ్లు ముందు తినేత్తే మనకేటి మిగులుతాదిరా?"

"ఇన్నాళ్లూ వాళ్లకేం మిగిలిందో అదే మిగులుతుంది," అన్నాను.

"ఇలాటియ్యన్నీ నీ పేపర్లో రాసుకో. ఇది ఆచారం."

నాకు ఒళ్లు మండింది. ఆచారమట! పొద్దున్నే లేచి పొయ్యి దగ్గర ఉడికినవాళ్లకు అడుగంటిన అన్నం, అరుగు మీద పేకాడినవాళ్లకు పొగలు కక్కే అన్నం. ఆచారాలన్నీ ఆడవాళ్ల ఆకలి మీదే ఎందుకు నడవాలో ఒక్కడు చెప్పడు. చెప్పమంటే గొంతు పెంచుతాడు. నేనూ పెంచాను. నాకు మాత్రం తక్కువ గొంతు ఇచ్చావా?

చివరికి చిన్నాన్న ఒక పందెం విసిరాడు. "అందరి సంగతీ ఒగ్గేయ్. మా వదిన కూకుంటాదేటి? అది ముందు బంతిలో కూకున్న రోజున నానే బకెట్టు అట్టుకుని ఒడ్డిత్తాను."

దానికి నేనేమన్నానో తర్వాత రాస్తాను. ముందు ఒక పాత సంగతి జ్ఞాపకం చెయ్యాలి.

నేను ఇంటర్ చదువుతున్న ఏడు, రావివలసలో ఎండల మల్లికార్జునుడి దగ్గర శివరాత్రి జాగారం చేసి, మర్నాడు టెక్కలిలో దిగాం. పులిహోర మూట బస్సులోనే ఉండిపోయింది. "నువ్వట్టుకున్నావనుకున్నాను" అని నువ్వు కుసుమను, కుసుమ నన్ను తిట్టుకున్నాం. కడుపులు మాడుతున్నాయి. నాన్న ఏమనుకున్నాడో, బస్టాండు పక్కన వరహాలమ్మ భోజనాల హోటల్లోకి నడిచాడు. నువ్వు గడప దగ్గరే ఆగిపోయావు. హోటల్లో ఏనాడూ తిన్నదానివి కాదు.

ఆకులు వేశారు. పనసకాయ కూర, ముద్దపప్పు, ములక్కాడల పులుసు. వరహాలమ్మ అన్నం బకెట్టుతో వచ్చింది. నువ్వు చటుక్కున లేచి ఆ బకెట్టు లాక్కుని మాకు వడ్డించడం మొదలుపెట్టావు. మాకే కాదు, పక్క బల్ల మీది లారీ డ్రైవర్‌కు కూడా! "ఇంకొంచెం ఎయ్యమంతావేటి బావూ?" అని అడిగావు. హోటలంతా గొల్లుమంది. నేను సిగ్గుతో తల దించుకున్నాను.

వరహాలమ్మ నవ్వలేదు. నీ చేతిలోంచి బకెట్టు మెల్లిగా తీసుకుంది.

"ఓలప్పా, ఇక్కడ ఒడ్డన నాది. నీ ఇంటికొచ్చినపుడు నాకు ఒడ్డిద్దువు గాని. కూకో."

"ఆయన తినీసాక తింతానప్పా."

"ఆయన నీ కోసమే సూత్తన్నాడు. అటు సూడు."

అటు చూశాం. నాన్న ఆకులో చెయ్యి పెట్టలేదు. చారు రావడం ఆలస్యమైతే కంచం విసిరే మన సింహాచలం నాయుడు, ఎదురుగా అన్నం పొగలు కక్కుతుంటే చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. "కూకోయే," అన్నాడు. "నువ్వు నోట్లో ముద్ద ఎట్టుకున్నాకే నాను కలుపుతాను."

ఇన్నేళ్లుగా మగవాళ్ల మీద ఎంతెంత రాశాను! అలాంటి మగవాడు ఒక పూట అలా ఆగాడని ఎక్కడా రాయలేదు. రాస్తే నా వాదం బలహీనపడుతుందనుకున్నాను. ఇప్పుడనిపిస్తోంది, అదే నా వాదానికి బలం. ఆచారాన్ని ఒక్క పూటలో ఆపేయొచ్చని చూపించినవాడు నాన్న. ఆయనకూ, వరహాలమ్మకూ ఎంత మొక్కినా చాలదు. ఆ హోటలున్న చోట ఇప్పుడు సెల్‌ఫోన్ల కొట్టు. దాని ముందు నుంచి వెళ్లినప్పుడల్లా చెప్పులు విప్పాలనిపిస్తుంది.

తిరుగు బస్సులో నువ్వు నా చెవి దగ్గర అడిగిన మాట గుర్తుందా?

"ఒరే నాయనా, మన పులుసు కూడా ఏడి మీద ఇలగే ఉంటాదేటిరా?"

రోజూ పులుసు కాచేది నువ్వు. దాని వేడి రుచి కొడుకును అడిగి తెలుసుకుంటున్నావు. "ఇంకా బాగుంటాదమ్మా," అన్నాను. నేను పుస్తకాలు చదివి ఇలా తయారయ్యానని ఊళ్లో అనుకుంటారు. కాదమ్మా. ఆ ప్రశ్నే నన్ను రాసేవాణ్ణి చేసింది. నాకు కోపం ఇచ్చినదానివీ నువ్వే, అన్నం ఇచ్చినదానివీ నువ్వే. రెండింటికీ రుణపడి ఉన్నాను.

ఇక దాచిన మాట. చిన్నాన్న పందేనికి "కూర్చుంటుంది" అనేశాను. నిన్ను అడక్కుండా, నలుగురి ముందు మాట ఇచ్చేశాను. నీ కోడలు ఝాన్సీ ఇంటికొచ్చాక దులిపేసింది. "ఆడోళ్ల కోసం దెబ్బలాడతావు గాని, ఆడదాన్ని ఒక్క మాట అడగవేటి?" అందుకే ఇప్పుడు అడుగుతున్నాను.

ఇది పందెం కోసం కాదు. కాబోయే కోడలు హిమజకు ఈ సంగతి చెబితే, "నాన్నమ్మ నిలబడుంటే నానెలా కూకుంటాను మావయ్యా?" అంది. మొదటి రోజు ఆ పిల్ల నీ వెనకాల ఆఖరి బంతికి వెళ్లిందంటే, ఇక ఎప్పటికీ అక్కడే. ఆ పిల్ల నా వ్యాసాలు చూడదు, నిన్ను చూస్తుంది.

నువ్వు కాదంటే నేనే వెళ్లి చిన్నాన్నకు ఓడిపోయానని చెప్తాను, నిన్ను ఒక్క మాట అనను. ఔనంటే మాత్రం బకెట్టు వైపు చూడకు.

పలాస స్టేషనుకు నేనే వస్తాను. వ్రతం రోజున ఎసరు పెట్టిస్తాను, బియ్యం ఉడికిస్తాను. గంజి మాత్రం నువ్వు ఆకు ముందు కూర్చున్నాకే వార్పిస్తాను.

ఇట్లు,
నీ జవాబు వచ్చేదాకా ఎవరితోనూ దెబ్బలాడనని మాటిస్తూ,
నీ పెద్దకొడుకు
నాగేంద్ర