మురళి డిస్కుకు పెద్ద నంబర్లు

మదనపల్లె

చెల్లెలు సరోజకు,

అక్క నాగరత్నం దీవెనలు. నీ మోకాలి నొప్పి తగ్గిందా? ఇంట్లో అందరూ వేళకు తింటున్నారా? నేను బాగున్నాను, దిగులు పడవద్దు. కుప్పం విడిచి మనవరాలు పావని దగ్గరకు వచ్చిన కొత్తలో పొద్దు పోలేదు. పలకరించేవాళ్లు లేక గోడ గడియారం చూస్తూ కూర్చునేదాన్ని. ఇప్పుడు కుదురుకున్నాను. ఉదయం పూట శాలువా కావాలి, అంత చలి. టమోటాలు చవక అని పావని రోజూ అదే పులుసు చేస్తుంది. వద్దని చెప్పాను. ఇక్కడి రాగిపిండికి మన వైపు రుచి లేదు, వీలైతే కొంచెం పంపు.

ఇక నీ కొడుకు మురళి సంగతి. స్టూడియోలో పెళ్లి వీడియోలు దాచే పాత పెట్టెకు పెద్ద డిస్కు కొన్నాడు కదా. పాతవన్నీ అందులోకి మార్చేస్తానని ఫోను చేస్తే పావని ఆగమంది. ఆ పెట్టెను నడిపే సాఫ్ట్‌వేర్ రాసేది పావని వాళ్ల జట్టే. డిస్కులో వీడియోలు దాచే ప్రతి గదికీ ఒక నంబరు ఉంటుంది. ఆ నంబరు రాసుకోవడానికి పాత పద్ధతిలో ఇచ్చిన చోటు చిన్నది. అది నిండితే స్కూటర్ మీటరులాగా మళ్లీ సున్నాకు వస్తుంది. అంటే కొత్త వీడియో వెళ్లి మొట్టమొదటి వీడియో మీద పడుతుంది. ఆ మొదటిది నీ కూతురి పెళ్లి. పోయిన మన అన్న గొంతు ఇప్పుడు అందులో తప్ప ఎక్కడా లేదు.

పెద్ద నంబర్లు వాడే వీలు ఉందట, కాని కావలసినవాళ్లు సెట్టింగ్ మార్చుకోవాలి. అడగకుండానే అందరికీ అవే ఉండాలని పావని పట్టుబట్టింది. పెద్ద నంబర్ల బరువుకు చిన్న యంత్రాలు నెమ్మదిస్తాయని పైఅధికారి ఒప్పుకోలేదు. నేనూ ఆయన పక్షమే.

"కావాల్సినోళ్లు అడుగుతారు. అందరి నెత్తినా బరువు యాల?" అన్నాను.

"అడగాలని మురళి మామకి తెల్సునా అవ్వా?"

"బరువెంతో కొలిచినావా?"

"శానా తక్కువే ఉండాది."

"తక్కువనేది లెక్క కాదు. కొలిచి సూపించు."

"ఆఫీసులో ఆయన, ఇంట్లో నువ్వు! నీకూ జీతమియ్యమని సెప్తాలే," అని మూతి ముడుచుకుంది.

అయినా కూర్చుని పాత చిన్న యంత్రాలన్నిటి మీదా కొలిచింది. తేడా ఉంది, కాని వాడేవాళ్లకు తెలిసేంత లేదు. తరువాత పనికిరాని వీడియోలతో ఒక పెద్ద డిస్కు నింపి చూపించింది. చివరిది ఎక్కేటప్పుడు హెచ్చరిక ఏదీ రాలేదు. మొదటిది తెరిస్తే మనుషులు లేరు, రంగు గీతలే. నాకు అన్న గుర్తొచ్చాడు. నీదే సరి అని దాని ముఖం మీదే ఒప్పుకున్నాను.

ఆ కొలతలే ఆఫీసులో పెడితే నిన్న పైఅధికారి సరేనన్నాడు. పాత కోడులో చిన్న నంబరు ఒక్కచోట మిగిలినా లెక్క అక్కడే తెగుతుందట, అందుకని అంతా వెతికి మారుస్తున్నారు. పరీక్షలు పూర్తయ్యాక పావనే పుంగనూరు మీదుగా బస్సులో వచ్చి మురళి పెట్టెలో కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తుంది. అంతవరకు కొత్త డిస్కు అట్టపెట్టెలోనే ఉండాలి, పాతది చెరపకూడదు. వాడికి తొందర ఎక్కువ, నా మాటగా గట్టిగా చెప్పు.

మీ వారికి నమస్కారాలు, పిల్లలకు ఆశీస్సులు. పావని పని సాఫీగా సాగాలని మీ అత్తగారిని దీవించమను.

ఇంకొక్క మాట. అన్నను మనం కావాలని కూర్చోబెట్టి మాట్లాడించలేదు, పెళ్లి సందడిలో దొరికాడు, అంతే. ఇకపై చోటుకు కొదవ లేదు. రామకుప్పం పొలంలోకి ఏనుగులు వచ్చిన రాత్రి గురించి మీ అత్తగారి చేత చెప్పించి మురళిని తీయమను. ఆమె ఎంతసేపు చెప్పినా సరే, మధ్యలో ఆపవద్దు.

ఎప్పుడూ నీ మేలు కోరే అక్క,
నాగరత్నం